వృద్ధుల హక్కు, మన ఇంటి లెక్క



పుట్టినప్పుడు మనిషి మెడ కూడా నిలపలేడు. తర్వాత నడక వస్తుంది, బలం వస్తుంది, నలుగురిని పోషించే శక్తి వస్తుంది. మళ్ళీ ఒకరోజు చెయ్యి పట్టుకుని లేపేవారి కోసం ఎదురుచూసే స్థితికి చేరుకుంటాడు. ఈ మూడు దశలనూ ఏర్పరచినవాడు అల్లాహ్ అని మనం విశ్వసిస్తాం. అందరూ ఆయుష్షు పొందరు గాని, పొందినవారందరూ ముసలివారు కాక తప్పదు.

అయితే అందరి ముసలితనమూ ఒకేలా ఉండదు. డెబ్బై అయిదేళ్ళ పెద్దమనిషి ఒకరు ఫజ్ర్ నమాజుకు నడిచి వచ్చి ముందు వరుసలో నిలబడతారు. అదే వీధిలో యాభై అయిదేళ్ళకే మంచం పట్టిన అవ్వ ఉంటుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? 'తక్దీర్' అని ఒక్క మాట అనేసి మనం ముందుకు సాగిపోతాం. తక్దీర్‌ను విశ్వసించడం మన ధర్మం. కాని మన చేతులతో చేసినదాన్నీ, చేయకుండా వదిలేసినదాన్నీ తక్దీర్ మీదికి నెట్టడానికి ధర్మం ఒప్పుకోదు. గత యాభై అరవై ఏళ్ళుగా సమాజ శాస్త్రవేత్తలు, వైద్యులు ఈ తేడా మీద ఎన్నో పరిశోధనలు చేశారు. వాటిలో కొన్నింటిని తెలుసుకుని, వాటి వెలుగులో మన ఇంటి లెక్క సరిచూసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

కరువు నేల మీద వృద్ధాప్యం

అనంతపురం నుంచి కదిరి వెళ్ళే దారిలో, ధర్మవరానికి దగ్గరగా బత్తలపల్లె ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. జిల్లా పేరు మారినా నేల స్వభావం మారలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే వాన, ఆ వానను నమ్ముకుని వేసే వేరుశనగ, వాన తప్పితే అప్పు. 1876-78 నాటి మహా కరువులో అల్లాడిపోయిన ప్రాంతమిది.

చేను ఎండినప్పుడు వయసులో ఉన్నవారు బెంగుళూరు బస్సెక్కుతారు. భవన నిర్మాణంలో కూలీగానో, ఆటో నడుపుతూనో, హోటల్లోనో బతుకుతారు. ఊళ్ళో మిగిలేది ఇల్లు, మేకలు, బడికి వెళ్ళే మనవలు, వాళ్ళను చూసుకునే జేజి, తాత. దూదేకుల ఇళ్ళలో ఒక తరం పెద్దలు పత్తి ఏకి, పరుపులు కుట్టి బిడ్డల్ని పెంచారు. ఆ దుమ్మును ఏళ్ళ తరబడి పీల్చిన ఊపిరితిత్తులే ఇప్పుడు రాత్రంతా దగ్గుతున్నాయి. ధర్మవరం చుట్టుపక్కల మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి పట్టు నేసినవారికి మోకాళ్ళు, కళ్ళు ముందుగా అలసిపోతాయి. అంటే మనిషి పడిన కష్టం ఎక్కడికీ పోదు. అది శరీరంలో జమ అవుతూ ఉంటుంది, వృద్ధాప్యంలో ఒక్కసారిగా లెక్కకు వస్తుంది.

సంఖ్యలు చెప్పే మాట

2011 జనగణన ప్రకారం మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారు 10.38 కోట్ల మంది, అంటే జనాభాలో 8.6 శాతం. ఐక్యరాజ్య సమితి జనాభా నిధి, ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ కలిసి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022 నాటికి ఆ సంఖ్య 14.9 కోట్లకు, అంటే 10.5 శాతానికి చేరింది. 2050 నాటికి 34.7 కోట్లు అవుతుందని అంచనా. ఆనాటికి ప్రతి అయిదుగురిలో ఒకరు వృద్ధులే. ఈ రోజు ముప్పై అయిదేళ్ళు దాటి ఈ పాఠం చదువుతున్న మనం ఆ లెక్కలోనే ఉంటాం.

మరోవైపు పిల్లల సంఖ్య తగ్గుతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు ఉండగా, 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో అది 1.7కు దిగింది. ఒకప్పుడు అయిదుగురు సంతానం మోసిన బరువును రేపు ఒకరో ఇద్దరో మోయాలి. పైన చెప్పిన నివేదిక ఇంకో విషయం కూడా చెప్పింది: మన దేశ వృద్ధుల్లో నూటికి నలభై మందికి పైగా అత్యంత పేద వర్గంలో ఉన్నారు. దాదాపు 19 మందికి సొంత ఆదాయమంటూ ఏదీ లేదు.

వృద్ధుల స్థితిగతులను లోతుగా తెలుసుకోవడానికి 2017-18లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. దాని పేరు 'లాసీ'. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా దేశమంతటా 45 ఏళ్ళు దాటినవారిని, వారి జీవిత భాగస్వాములను కలిపి 72 వేల మందికి పైగా కలిశారు. తొలి విడత నివేదిక 2021 జనవరిలో వచ్చింది. రక్తపోటు చూశారు, చేతి పట్టు ఎంత బలంగా ఉందో కొలిచారు, జ్ఞాపకశక్తిని పరీక్షించారు. జీవితం తృప్తిగా ఉందా, మనసు దిగులుగా ఉంటోందా అని కూడా అడిగారు. కొన్నేళ్ళకొకసారి మళ్ళీ ఆ మనుషుల దగ్గరికే వెళ్ళడం ఈ అధ్యయనం పద్ధతి. వారి స్థితి ఎలా మారుతోందో అలా తెలుస్తుంది.

ఈ అధ్యయనంలో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. పూర్తిగా ఒంటరిగా బతుకుతున్న వృద్ధులు నూటికి సుమారు ఆరుగురే. మిగిలినవారిలో అత్యధికులు జీవిత భాగస్వామితోనో, బిడ్డలతోనో ఉన్నారు. కాబట్టి మన దేశంలో వృద్ధుల సుఖదుఃఖాలు ప్రధానంగా నిర్ణయమయ్యేది ఇంటి నాలుగు గోడల మధ్యనే. గంపెడు సంసారంలో ఉంటూ కూడా పలకరించేవారు లేక కుమిలిపోయే ముసలి ప్రాణం ఉండవచ్చు. దానికి ప్రభుత్వాన్నొక్కటే నిందించి లాభం లేదు.

తేడా ఎప్పుడు మొదలవుతుంది?

వృద్ధాప్యంలో కనిపించే అంతరం అరవయ్యో ఏట పుట్టదు. తల్లి కడుపులో ఉన్నప్పుడే దానికి బీజం పడవచ్చు. దీనికి మన తెలుగు నేల మీదనే మంచి రుజువులు దొరికాయి.

1987-90 మధ్య హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాల్లో ఒక ప్రయత్నం జరిగింది. కొన్ని ఊళ్ళలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం అందించారు. మిగిలిన ఊళ్ళకు అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వయసుకు వచ్చాక పరిశోధకులు తిరిగి వెళ్ళి పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. అంతకంటే ముఖ్యంగా వారి రక్తనాళాల్లో బిరుసుదనం తక్కువగా ఉంది, చక్కెర జబ్బుకు దారితీసే లక్షణాలు కూడా తక్కువగా కనిపించాయి. ఈ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. అంటే ఒక తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు తిన్న ముద్ద, ఆమె బిడ్డ గుండె జబ్బు, షుగరు జబ్బు లెక్కల్లో ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా కనిపిస్తుందన్నమాట.

రెండో రుజువు 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనం. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను ఎంచుకుని వారి జీవితాలను ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. ఎంచుకున్న జిల్లాల్లో అనంతపురం ఒకటి. కరువు పడినప్పుడు పేద ఇళ్ళలోని పసిపిల్లల ఎదుగుదల దెబ్బతినడం ఈ అధ్యయనంలో కనిపించింది. అయితే తర్వాత బడిలో మధ్యాహ్న భోజనం అందుకున్న పిల్లల్లో ఆ నష్టం చాలావరకు పూడినట్లు ఈ సమాచారం ఆధారంగా 2014లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఇందులో రెండు పాఠాలున్నాయి. కరువు శరీరం మీద గుర్తు వేస్తుంది. సమయానికి అందిన అన్నం ఆ గుర్తును చెరిపేయగలదు.

కాబట్టి ఇంట్లో ఆడపిల్లకు గుడ్డు, పాలు తగ్గించి మగపిల్లవాడికి పెట్టే అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే, అది ఆ ఒక్క పూట విషయం కాదని గ్రహించాలి. అరవై ఏళ్ళ తర్వాత నడుము వంగిపోయే ఒక అవ్వను మనం ఆ రోజే తయారు చేస్తున్నాం. ఆడపిల్ల చదువు మాన్పించడం కూడా అలాంటిదే.

కడుపు నిండితే సరిపోతుందా?

'మా అమ్మకు మూడు పూటలా పెడుతున్నాం, ఇంకేం కావాలి?' అనే మాట మనం తరచుగా వింటాం. దీనికి సమాధానం లండన్ నగరంలో జరిగిన ఒక పరిశోధనలో ఉంది.

1967లో అక్కడి ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే సుమారు 18,000 మంది మగవారిని పరీక్షించి, తర్వాత ఎవరికి ఏమైందో గమనించారు. వీరిలో ఆకలితో ఉన్నవారు లేరు. అందరికీ నెల జీతం ఉంది, అందరికీ ప్రభుత్వ వైద్యం ఉచితం. అయినా అట్టడుగు హోదాలో ఉన్నవారు గుండె జబ్బుతో మరణించడం, పై హోదాలో ఉన్నవారితో పోలిస్తే మూడు రెట్లకు పైగా ఉంది. మధ్యలో ఉన్నవారి స్థితి కూడా మధ్యస్థంగానే ఉంది. ఒక్కొక్క మెట్టు దిగుతున్న కొద్దీ ప్రమాదం పెరిగింది. పొగతాగడం, రక్తపోటు వంటి కారణాలు లెక్కలోకి తీసుకున్నా ఈ తేడాలో పెద్ద భాగం అలాగే మిగిలిపోయింది.

మైఖేల్ మార్మట్ అనే వైద్యశాస్త్రవేత్త నాయకత్వంలో 1985లో మొదలైన రెండో విడతలో పదివేల మందికి పైగా స్త్రీ పురుషులను చేర్చుకుని కారణం వెదికారు. అప్పుడు ముందుకు వచ్చిన కారణాల్లో ఒకటి: తన పని మీద తనకు ఏమాత్రం అధికారం ఉంది? ఎప్పుడూ ఎవరో చెప్పింది చేయడమే తప్ప, తన మాట చెల్లని మనిషి గుండె త్వరగా దెబ్బతింటోంది.

ఇప్పుడు ఈ విషయాన్ని మన ఇంటికి తెచ్చుకుందాం. నలభై ఏళ్ళు ఇల్లు నడిపిన మనిషి, టీ తాగడానికి పది రూపాయలు కొడుకును అడగాలి. మందులు అయిపోయాయని చెప్పడానికి కోడలి ముఖం చూసి సమయం కనిపెట్టాలి. మనవరాలి సంబంధం కుదిరిన సంగతి పొరుగింటివారి ద్వారా తెలుసుకోవాలి. ఆ మనిషికి మూడు పూటలా అన్నం అందుతూనే ఉంది. కాని ఇంట్లో ఆమెది అట్టడుగు మెట్టు. లండన్ గుమాస్తా గుండెను కుంగదీసింది ఏదో, మన జేజి గుండెను కుంగదీసేదీ అదే.

వృద్ధాప్యం దుఃఖమేనా?

ముసలితనమంటేనే బాధ అని చాలామంది అనుకుంటారు. 160కి పైగా దేశాల నుంచి సేకరించిన సమాచారాన్ని ముగ్గురు పరిశోధకులు విశ్లేషించి 2015లో ప్రచురించారు. వారిలో ఒకరైన ఆంగస్ డీటన్‌కు అదే ఏడాది అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంగ్లీషు మాట్లాడే సంపన్న దేశాల్లో మనుషుల తృప్తి నలభై అయిదు, యాభై ఏళ్ళ ప్రాంతంలో అన్నిటికంటే తక్కువగా ఉండి, ఆ తర్వాత వయసుతోపాటు పెరుగుతోంది. పాత సోవియట్ దేశాల్లోనూ లాటిన్ అమెరికాలోనూ వయసు పెరిగేకొద్దీ తృప్తి తగ్గుతోంది. సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికాలో అది ఏ వయసులోనూ పెరగడం లేదు. వృద్ధాప్యం ఒక్కటే మనిషిని దుఃఖపెట్టదని, ఎటువంటి సమాజంలో ముసలివారవుతున్నామన్నది ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తోంది.

తోడు విషయం కూడా చూద్దాం. 148 పరిశోధనలను, మూడు లక్షల మందికి పైగా మనుషుల వివరాలను ఒకచోట చేర్చి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, బలమైన మానవ సంబంధాలు ఉన్నవారు బతికి ఉండే అవకాశం, అవి లేనివారి కంటే సగానికి సగం ఎక్కువ. పలకరింపు కూడా ఒక మందే. దానికి డబ్బు ఖర్చు లేదు, డాక్టరు చీటీ అక్కర్లేదు.

ఎవరి చేతిలో పైకం?

దక్షిణాఫ్రికాలో తెల్లజాతి పాలన ముగిసే రోజుల్లో, 1990ల తొలినాళ్ళలో, నల్లజాతి వృద్ధులకు కూడా పెద్ద మొత్తంలో పింఛను ఇవ్వడం మొదలైంది. ఎస్తేర్ డుఫ్లో అనే అర్థశాస్త్రవేత్త ఆ కుటుంబాల వివరాలు పరిశీలించి 2003లో ఒక విషయం ప్రకటించారు. పింఛను నాయనమ్మ లేదా అమ్మమ్మ చేతికి వచ్చిన ఇళ్ళలో మనవరాళ్ళ ఎదుగుదల మెరుగైంది. పింఛను తాత చేతికి వచ్చిన ఇళ్ళలో అలాంటి మార్పు కనిపించలేదు. ముసలి స్త్రీ చేతిలో పడిన డబ్బు ఇంటి పసిబిడ్డల కడుపులోకే చేరిందన్నమాట.

మన దగ్గర కూడా ఇలాంటి మార్పులు వచ్చాయి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదటిసారిగా ప్రారంభమైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. పనికి గరిష్ఠ వయసు లేదు, ఆడవారికీ మగవారికీ ఒకటే కూలి రేటు. భూమి లేని ముసలి స్త్రీలు తమ పేరు మీద కూలి అందుకోగలిగారు. వృద్ధాప్య పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 1,000 రూపాయలకు, 2019లో 2,000కు, 2024లో 4,000కు పెరిగింది. కేంద్ర పథకం కింద 60 నుంచి 79 ఏళ్ళ వారికి ఇచ్చే వాటా మాత్రం 2011లో నెలకు 200 రూపాయలే, 2024లోనూ 200 రూపాయలే.

పింఛను ఎంతైనా కావచ్చు, అది ఎవరి చేతిలో నిలుస్తోంది? ఒకటో తారీఖున అవ్వ వేలిముద్ర వేయగానే నోట్లు కొడుకు జేబులోకి వెళ్తున్నాయా? ఆమె ఇష్టపడి ఇంటికి ఇస్తే అది ఆమె ఔదార్యం, అందుకు ఆమెకు పుణ్యముంది. అడగకుండా తీసుకుంటే, ఆ సొమ్ము మనకు ఎలా హలాల్ అవుతుందో ఆలోచించుకోవాలి.

ధర్మం నిర్ణయించిన హక్కులు

పరిశోధకులు ఇన్ని లెక్కలు వేసి చెప్పిన విషయాలకు మన ధర్మంలో ముందే పునాది ఉంది. సూరా బనీ ఇస్రాయీల్‌లో అల్లాహ్ తన ఆరాధన తర్వాత వెంటనే తల్లిదండ్రుల సంగతే ప్రస్తావించాడు. వృద్ధాప్యానికి చేరిన తల్లిదండ్రుల ముందు విసుగు మాట పెదవి దాటకూడదని, వారితో గౌరవంగా మాట్లాడాలని అక్కడ బోధన ఉంది. అన్నం పెట్టడంతో బాధ్యత తీరిపోతుందని అక్కడ లేదు. మాట తీరు దగ్గరే మనల్ని నిలబెట్టి ప్రశ్నిస్తోంది.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో జరిగిన ఒక సంఘటనను ఇమామ్ అబూ యూసుఫ్ తన గ్రంథంలో నమోదు చేశారు. చూపు పోయిన ఒక యూదు వృద్ధుడు ఇంటింటా అడుక్కుంటూ కనిపించాడు. వయసు, అవసరం, చెల్లించవలసిన పన్ను తనను ఈ స్థితికి తెచ్చాయని చెప్పాడు. ఖలీఫా అతన్ని ఇంటికి తీసుకువెళ్ళి ఉన్నది ఇచ్చి, తర్వాత బైతుల్‌మాల్ అధికారిని పిలిపించి అతనికి, అతని వంటివారికి సహాయం ఏర్పాటు చేయించారు, పన్ను తీసివేయించారు. వయసులో ఉన్నప్పుడు అతని కష్టార్జితం అనుభవించి ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదన్నది ఆయన తీర్పు. గమనించండి: ఆ వృద్ధుడు ముస్లిం కాడు, బంధువు కాడు. అయినా అతనికి అందినది హక్కుగా అందింది. మరి తన యౌవనమంతా మన మీదే ఖర్చుపెట్టిన తల్లి సంగతి?

ఇక్కడే జకాత్ విషయం తెలుసుకోవాలి. జకాత్ సొమ్మును తన తల్లిదండ్రులకు ఇవ్వడం చెల్లదు. ఎందుకంటే అవసరంలో ఉన్న తల్లిదండ్రుల పోషణ బిడ్డల సొంత బాధ్యత. దాన్ని దానధర్మాల ఖాతాలో రాసుకునే వీలు లేదు.

రెండవది వారసత్వం. వృద్ధ స్త్రీల పేదరికానికి మూలం చాలా ఇళ్ళలో ఇక్కడే ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం. ఎనిమిది ఎకరాల చేను ఉన్న ఒక మనిషి భార్యను, ఇద్దరు కొడుకులను, ఒక కూతురిని వదిలి మరణించాడనుకుందాం. అతని తల్లిదండ్రులు ముందే మరణించారు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, చెల్లించని మహర్ (అదీ అప్పే), వసీయత్ ఉంటే అదీ తీసివేశాక పంపకం చేయాలి. ఏ బాకీలూ లేవనుకుంటే భార్యకు ఎనిమిదో వంతు, అంటే ఒక ఎకరం. మిగిలిన ఏడు ఎకరాల్లో కొడుకులకు తలా రెండు ఎకరాల ఎనభై సెంట్లు, కూతురికి ఒక ఎకరం నలభై సెంట్లు. తల్లి బతికి ఉంటే ఆమెకు ఆరో వంతు కూడా ఉండేది.

కాని ఊళ్ళలో జరుగుతున్నదేమిటి? పాసు పుస్తకాలు కొడుకుల పేరు మీద మారిపోతాయి. 'అన్నదమ్ములను కాదని వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుంది' అన్న భయంతో కూతురు మౌనంగా ఉంటుంది. ఆ మౌనానికి 'వదులుకుంది' అని పేరు పెడతాం. ఇరవై ఏళ్ళ తర్వాత భర్త పోయి, అదే సోదరి సెంటు భూమి లేక కూలికి వెళ్తున్నప్పుడు, ఆమె పేదరికాన్ని చూసి జాలిపడి రమజాన్‌లో ఒక చీర పెడతాం. ఆమెకు చెందవలసినది ఒక ఎకరం నలభై సెంట్లు.

'పొలానికి షరీఅత్ వర్తించదు' అని కొందరు వాదిస్తారు. 1937 నాటి షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. కాని అప్పటి మద్రాసు ప్రావిన్సులో 1949లో చేసిన సవరణ ఆ మినహాయింపును తొలగించింది. అనంతపురం ఆనాడు మద్రాసులోనే ఉండేది. అందువల్ల మన సీమలో ఈ సాకు చెల్లదు.

చట్టం ఇచ్చిన అండ

2007లో పార్లమెంటు తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. దీని ముఖ్యాంశాలు ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు బిడ్డల నుంచి భరణం కోరవచ్చు. బిడ్డలు లేని వృద్ధులు తమ ఆస్తికి వారసులయ్యే బంధువులను అడగవచ్చు. డివిజన్ స్థాయిలో ఉండే ట్రిబ్యునల్‌కు మామూలు కాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు. 2007 చట్టం నెలకు పదివేల రూపాయల వరకు భరణం నిర్ణయించే వీలు కల్పించింది, నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని గడువు పెట్టింది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని తర్వాత చూడకపోతే, ఆ బదిలీని రద్దు చేయమని కోరే హక్కు 23వ సెక్షన్‌లో ఉంది. అందుకే ఆస్తి రాసి ఇచ్చే పెద్దలు ఆ షరతును దస్తావేజులో స్పష్టంగా రాయించుకోవడం మంచిది.

అయితే తల్లి తన కొడుకు మీద దరఖాస్తు పట్టుకుని ఆఫీసు మెట్లెక్కే రోజు రావడమే ఆ ఇంటికి ఓటమి.

మనం చేయవలసిన పనులు

1. తల్లిదండ్రులను విడదీయవద్దు. కొడుకులు వంతులు వేసుకుని, తల్లి ఒకరింట, తండ్రి ఒకరింట ఉండేలా పంచుకోవడం మన పల్లెల్లో ఉంది. యాభై ఏళ్ళు కలిసి బతికినవారిని చివరి రోజుల్లో వేరు చేయడం క్రూరత్వం. ఖర్చు పంచుకోండి, మనుషులను పంచవద్దు.

2. పింఛను, కూలి, కౌలు ఏదైనా సరే, పెద్దల సొమ్ము పెద్దల చేతిలోనే ఉండనివ్వండి. ఏ ఆదాయమూ లేనివారికి నెలకు ఇంత అని అడగకముందే ఇవ్వండి. దాన్ని ఎలా ఖర్చు చేశారని లెక్క అడగవద్దు.

3. ఇంటి నిర్ణయాల్లో సలహా అడగండి. వారి మాట చెల్లకపోయినా ఎందుకు చెల్లలేదో చెప్పండి.

4. బెంగుళూరులోనో గల్ఫ్‌లోనో ఉన్నవారు డబ్బు పంపిన రోజే కాకుండా మామూలు రోజుల్లో కూడా ఫోన్ చేయండి. 'తిన్నావా అమ్మా' అన్న మాటకు విలువ ఎక్కువ.

5. నెలకొకసారి రక్తపోటు, చక్కెర చూపించండి. కంటి చూపు మసకబారితే 'వయసు కదా' అని వదిలేయవద్దు. శుక్లాలకు ఆపరేషన్ ఉంది. వినికిడి తగ్గినవారిని ఎగతాళి చేయవద్దు, ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడండి.

6. మస్జిద్ కమిటీలు తమ మహల్లాలో ఒంటరిగా ఉన్న వృద్ధుల జాబితా రాసుకోవాలి. మస్జిద్‌లో కుర్చీలు, మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ ఏర్పాటు చేయాలి. ముస్లిమేతర పొరుగువారిలో దిక్కులేనివారు ఉంటే వారినీ ఆ జాబితాలో చేర్చాలి. హజ్రత్ ఉమర్ (రజి) చూపిన మార్గం అదే.

7. సోదరీమణుల వాటా ఇంకా ఇవ్వనివారు ఈ ఏడాదే కూర్చుని లెక్క కట్టండి. భూమి ఇవ్వలేకపోతే వారు మనస్ఫూర్తిగా ఒప్పుకునే విలువ ఇవ్వండి.

ఇంటిల్లిపాదీ చర్చించుకోవడానికి

మగ్రిబ్ తర్వాత అందరూ కూర్చున్నప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోండి. పెద్దలు కూడా అక్కడే ఉండాలి.

మన ఇంట్లో పెద్దవారు ఎవరినీ అడగకుండా ఖర్చు చేయగలిగే సొమ్ము నెలకు ఎంత?

గత నెలలో మనం ఏ విషయంలో వారి సలహా అడిగాం?

ఈ వారం వారి దగ్గర పనిలేకుండా ఊరికే ఎంతసేపు కూర్చున్నాం?

మన ఆడపిల్లల పళ్ళెం, మగపిల్లల పళ్ళెం ఒకేలా ఉన్నాయా?

మన తండ్రి, తాతల ఆస్తిలో ఇంకా చేరవలసినవారికి చేరని వాటా ఏదైనా ఉందా?

ఈ అయిదింటిలో ఏ ఒక్కదానికి జవాబు చెప్పడానికి తడుముకున్నా, పని అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. మన పెద్దల హక్కు వారు బతికి ఉండగానే తీర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.